తమ్ముడి బిళ్ళ

నా నోరు మంచిది కాదని మా పంపుహౌసులో అందరికీ తెలుసు. నోరు మంచివాళ్ళను తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెడితే పని ఎలా తగలడుతుందో కూడా తెలుసు కాబట్టి ఇన్నేళ్ళుగా నన్నెవరూ కదిలించలేదు. ఊళ్ళో సగం ఇళ్ళ మురుగు ఒకే పెద్ద గొట్టంలో పడి మా దగ్గరికి వస్తుంది. ఆ గొట్టం చివర ఇనుప గేటు ఉంటుంది. గేటుకు ఇవతల మూడంతస్తుల లోతు బావి, బావి అడుగున పంపులు. గేటు తెరిస్తే మురుగు బావిలోకి వస్తుంది, పంపులు దాన్ని తోడి శుద్ధి చేసే చోటికి నెడతాయి. గేటు మూస్తే బావి ఎండుతుంది, మనుషులు దిగి పని చేసుకోవచ్చు. మూసేదీ తెరిచేదీ నేనే. అందుకే నాకు గేటమ్మ అని పేరు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు.

ఆ రోజుల్లో గేటు మూసే ఉంది. పాత పంపులు ఊడబీకి కొత్తవి దించుతున్నారు. బావి ఎండగట్టారు కదా అని ఊరు స్నానాలు మానదు. అందుకని వచ్చే మురుగును రోడ్డు మీదే ఆపి, అక్కడ పెట్టిన అద్దె పంపులతో తోడి, లావు గొట్టాల్లో మమ్మల్ని దాటించి అవతల పోస్తున్నారు. ఆ పంపులు రాత్రీ పగలూ గుడగుడమంటూ తిరుగుతుంటే చుట్టుపక్కల వాళ్ళు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. తిరగడం ఆగితే ఏమవుతుందో వాళ్ళకి తెలీదు.

బావిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద అతని నంబరు. దిగే ముందు నా గదిలోకి వచ్చి, నా కళ్ళెదురుగా ఉన్న చెక్క మీద మేకుకు తన బిళ్ళ తన చేత్తో తగిలించాలి. పైకొచ్చాక తన చేత్తోనే తీసుకోవాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదు. పెళ్ళాం ముట్టుకోకూడదు, అన్నదమ్ములు ముట్టుకోకూడదు, ఎంత పెద్దాఫీసరు వచ్చినా ముట్టుకోకూడదు. ఒక్క బిళ్ళ వేలాడుతున్నా గేటు తెరుచుకోదు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో నాకు తెలీదు, నేను వచ్చేనాటికే ఉంది. 'వాడు పైకొచ్చేశాడు, నేను చూశాను' అన్న మాట మీద గేటు తెరిచిన రోజొకటి ఎప్పుడో ఉందట. దాని గురించి పాతవాళ్ళను అడిగితే వేరే మాట ఎత్తుకుంటారు.

మా ఆయన ఇక్కడే పంపుల మెకానిక్కు. మా తమ్ముడు ఫిట్టరు. వాణ్ణి తెచ్చి పనిలో పెట్టింది మా ఆయనే, ఆ పాపం ఆయన ఇప్పటికీ మోస్తున్నాడు. వాడు పనిమంతుడే కానీ మతిమరుపు. ఒకసారి పెద్ద రెంచీ బావిలోనే వదిలేసి పైకొస్తే అది పోయి పంపు రెక్కలకు అడ్డం పడింది. ఇంకోసారి సామాను లోపల వదిలితే ఇంటికి పంపిస్తానని ఇంజినీరు అందరి ముందూ చెప్పాడు. అప్పట్నుంచి మా ఆయన వాడి వెనకాలే తిరుగుతూ సామాన్లు ఏరుకొస్తుంటాడు. 'మీ తమ్ముడు తల కూడా ఎక్కడో వదిలేసి ఉంటాడే, రేపు దిగినప్పుడు వెతుకుతా' అని నన్ను ఉడికిస్తాడు. బావా బావమరుదులు ఒకరినొకరు పీక్కుతింటారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరికి ముద్ద దిగదు.

ఆ ఉదయం మా మరదలికి నొప్పులు మొదలయ్యాయి. మరదలంటే ఆ ఫిట్టరు తమ్ముడి భార్య. ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, ఈసారి నెలలు నిండాయి. తమ్ముడి అత్తగారు ఫోన్ చేసేసరికి వాడు బావిలో ఉన్నాడు. నేను బావి నోటి దగ్గర నిలబడి గొంతు చించుకుని అరిస్తే కింద వాళ్ళు వాడికి అందించారు. వాడు నిచ్చెన మెట్లు ఎక్కాడో ఎగిరాడో తెలీదు, పైకొచ్చి, నా గది వైపు రాకుండా అటు నుంచటే బండెక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి మిగతా వాళ్ళు కూడా పైకొచ్చి, ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని భోజనాలకు వెళ్ళారు. చెక్క మీద ఒకటే మిగిలింది. నంబరు చూస్తే మా తమ్ముడిది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ చేస్తే ఎత్తడు. సరే, వాడి తిప్పలు వాడివి, సాయంత్రం దాకా గేటు తెరిచే పని లేదుగా అని ఊరుకున్నాను. ఇంజినీరు వచ్చి కాసేపు నా గదిలో కూర్చుని కాగితాలు చూసుకుని వెళ్ళాడు.

భోజనం డబ్బా మూత తీశానో లేదో రోడ్డు మీద గుడగుడ ఆగిపోయింది. అలవాటైన చప్పుడు ఆగితే చెవులు నొప్పి పుడతాయి, నాకలాగే అయింది. అద్దె పంపుల్లో పెద్దదానికి గుడ్డలు చుట్టుకుని బిగుసుకుపోయిందట. మిగిలిన చిన్నది ఎంత తోడినా ఏ మూలకి? గేటు వెనక మురుగు మట్టం చూపించే మీటరు నా ముందే ఉంది. దానిలో ముల్లు చూస్తుండగానే పైకి జరగడం మొదలుపెట్టింది. మా ఆయన రోడ్డు మీద ఆ పంపు విప్పుతూ ఉంటాడనుకున్నాను. ఇంకెక్కడుంటాడు?

ఇంజినీరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచివాడే. మనిషి మీద కోపం వచ్చినా 'అమ్మా' అనే అంటాడు. ఆయన ఫోన్ మోగుతూనే ఉంది, అటు నుంచి తిట్లు నాకు వినబడుతూనే ఉన్నాయి. పల్లపు వీధిలో ఇళ్ళల్లో స్నానాల గదుల తూముల్లోంచి మురుగు పైకి తంతోందట. ఒకావిడ వంటింట్లో మోకాళ్ళ లోతు వచ్చిందంటోంది. ఇంజినీరు బావి నోటి దగ్గరికి వెళ్ళి, టార్చి వేసి చూసి, కేకలు పెట్టి వచ్చాడు. లోపల పురుగు కూడా లేదు, వెంటనే గేటు తెరవమన్నాడు. కొత్త పంపు ఒకటి బిగించడం అయిపోయింది కాబట్టి దాన్ని తిప్పేస్తే ఊరు ఊపిరి పీల్చుకుంటుందన్నాడు.

నేను చెక్క వైపు చూపించాను. ఎవరిదని అడిగాడు. మా తమ్ముడిదన్నాను. అతను ఆస్పత్రికి వెళ్ళాడు కదా అన్నాడు. వెళ్ళాడన్నాను. మరి ఇంకేమిటన్నాడు. వచ్చి తీసుకోవాలన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు నేనే గనక మెత్తటిదాన్నయితే కరిగిపోయేదాన్ని. గేటు తాళంచెవి నా మెడలో ఉంటుంది, అది పెట్టి తిప్పితే గానీ బటన్ పని చెయ్యదు. తాళంచెవి ఇవ్వమని చెయ్యి చాపాడు. ఇవ్వనన్నాను. పైవాళ్ళకి చెప్తానన్నాడు. చెప్పుకోమన్నాను.

అప్పుడు తమ్ముడి ఫోన్ వచ్చింది. అప్పటిదాకా ఎత్తని వాడు తనే చేశాడు.

"అక్కా, ఆస్పత్రి కింది అంతస్తులోకి మురుగు వచ్చేస్తోంది. కాన్పుల వార్డు కిందే ఉంది. గేటు తెరువు," అన్నాడు. వాడి వెనకాల ఆడవాళ్ళ అరుపులు వినబడుతున్నాయి.

"నీ బిళ్ళ ఇక్కడ వేలాడుతోంది," అన్నాను.

"తీసి పారెయ్."

"నేను ముట్టుకోను. వచ్చి తీసుకో."

"నేను నీతోనే మాట్లాడుతున్నాను కదక్కా. బతికే ఉన్నాను కదా. దాన్ని ఇక్కడ ఈ నీళ్ళలో వదిలేసి ఎలా రమ్మంటావు?"

వాడు కింద లేడని నాకు తెలీదా? నా తమ్ముడి గొంతు నేను ఎరగనా? కళ్ళు మూసుకుని ఆ బిళ్ళ తీసేస్తే ఎవరి సొమ్ము పోయింది? ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను, చెయ్యి సగం దాకా వెళ్ళింది కూడా. కానీ ఒకసారి తీసిన చెయ్యి రెండోసారి ఆగదు. ఇవాళ తమ్ముడి గొంతు విని తీస్తాను, రేపు ఇంకెవడి గొంతో విని తీస్తాను. అదీగాక వాడి మీద కడుపు మండిపోతోంది, దాచుకోవడం దేనికి. ఆస్పత్రి ఎంతో దూరం లేదు, బండి మీద వచ్చి వెళ్ళమన్నాను.

"దానికేమైనా అయితే ఈ జన్మలో నీ గడప తొక్కను," అని ఫోన్ పెట్టేశాడు.

వాడు వచ్చేదాకా నేను, ఇంజినీరు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మీటరు ముల్లు ఎర్ర గీత దాటింది. ఆయన ఫోన్ మోగుతుంటే ఎత్తడం మానేశాడు. నేను మరదలిని తలుచుకున్నాను. పిరికిది, బల్లిని చూస్తేనే మంచమెక్కుతుంది. ఆ వాసనలో, ఆ నీళ్ళలో, మొగుడు కూడా పక్కన లేకుండా చేశాను కదా అనిపించి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంజినీరు తాళంచెవి లాక్కుంటాడని ఆపుకున్నాను. రోడ్డు మీద పనివాళ్ళు ఎవరో వచ్చి పంపు ఇంకా బిగుసుకునే ఉందని చెప్పి వెళ్ళారు. మీ మెకానిక్ ఏం చేస్తున్నాడని అడగాలని నాకు తోచలేదు. ఆ ఒక్క ప్రశ్న అప్పుడు అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

తమ్ముడు వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాడు. మరదలిని పై అంతస్తుకు మోసుకెళ్తున్నారని ఇంజినీరుకు చెప్పాడు, నాకు కాదు. చెక్క మీది బిళ్ళ లాగి తీసి నా బల్ల మీదికి విసిరేశాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి నేల మీద పడింది.

"చాలా? ఇప్పుడు తెరువు," అన్నాడు.

చెక్క ఖాళీ. పద్ధతి ప్రకారం అంతా సరిగ్గా ఉంది. నేను తాళంచెవి పెట్టి తిప్పి, బటన్ నొక్కాను. మోటారు మూలిగి గేటును ఎత్తడం మొదలుపెట్టింది. అంత బరువైన గేటు కదా, నత్తనడకన లేస్తుంది. ఇంజినీరు కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు. తమ్ముడు కోపం కాస్త దిగి, నా పక్కకు వచ్చి, ఇంజినీరుకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"బావ చైన్ పుల్లీ పైకి తెచ్చాడా?"

"ఏ చైన్ పుల్లీ?"

"పంపులు ఎత్తి దించేది. పొద్దున కంగారులో అడ్డగోడ వెనక వదిలేశాను. ఆస్పత్రికి వెళ్ళాక గుర్తొచ్చి బావకి ఫోన్ చేశాను. ఎవరితో అనకు, నేను చూసుకుంటాలే అన్నాడు."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బావి మధ్యలో ఒక అడ్డగోడ ఉంది. ముందువైపు నోటి దగ్గర నిలబడి ఎంత టార్చి వేసినా గోడ వెనక ఏముందో కనబడదు. అటువైపు దిగడానికి పంపు షెడ్డు పక్కన వేరే చిన్న మూత ఉంది. బావిలోకి గాలి కొట్టే యంత్రం హోరులో పైనుంచి ఎంత అరిచినా అక్కడికి వినబడదు. నా చెయ్యి నేను చెప్పకుండానే వెళ్ళి ఆపే బటన్ మీద పడింది. ఆ వెంటనే దించే బటన్ నొక్కాను. గేటు ఎత్తడానికి ఎంత నెమ్మదో దించడానికీ అంతే నెమ్మది. ఈలోగా కింద నుంచి నీళ్ళ హోరు గోడల్లోకి పాకి నా కాళ్ళకు తెలుస్తోంది.

మా ఆయన రోడ్డు మీద లేడా అని ఇంజినీరును అడిగాను. లేడు, షెడ్డులో పని చేసుకుంటున్నాడని రోడ్డు మీద వాళ్ళు చెప్పారన్నాడు.

గేటు పూర్తిగా దిగిందని దీపం వెలిగాక తాళంచెవి తీసి మెడలో వేసుకుని పరిగెత్తాను. చిన్న మూత తెరిచే ఉంది. పక్కన కమ్మీ మీద మా ఆయన చొక్కా, జేబులో ఫోన్. లోపలికి చూస్తే నల్లటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి, మనిషి జాడ లేదు. నేను పేరు పెట్టి పిలిచాను. ఇన్నేళ్ళ కాపురంలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. జవాబు రాలేదు.

తమ్ముడు అప్పటికే నడుముకు తాడు కట్టుకుని మూతలోకి ఒక కాలు పెట్టాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"బిళ్ళ తగిలించి దిగు."

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "అక్కా, కింద బావ ఉన్నాడు."

"ఉన్నాడు కాబట్టే చెప్తున్నా. తగిలించకపోతే దిగనివ్వను."

వాడు తాడుతోనే పరిగెత్తి, నేల మీది బిళ్ళ వెతికి తగిలించి వచ్చాడు. అంత గండంలో అదేం చాదస్తమని మీకు అనిపించవచ్చు. నాకు ఆ క్షణంలో నా బుర్ర మీద నమ్మకం లేదు, ఇంజినీరు మీద లేదు, ఎవరి మీదా లేదు. ఆ ఇత్తడి ముక్క ఒక్కటే అబద్ధం ఆడకుండా నిలబడాలనుకున్నాను.

వాడు దిగాడు. నేను, ఇంజినీరు తాడు పట్టుకున్నాం. ఆయన అరచేతులు ఒరుసుకుపోయి నెత్తురొస్తున్నా వదల్లేదు, ఆ మాట చెప్పకపోతే పాపం. తాడు కొంచెం కొంచెంగా గోడ వైపు లాగుకుంటూ పోయింది. ఆగింది. మళ్ళీ పోయింది. తర్వాత ఎంతసేపు కదల్లేదో నేను చెప్పలేను. దేవుళ్ళకు మొక్కుకుందామంటే ఒక్క పేరూ గుర్తు రాలేదు. ఉదయం ఆయనతో ఆఖరుగా అన్న మాట ఏమిటా అని వెతుక్కున్నాను. 'ఆ గడ్డం గీసుకోలేవూ' అన్నాను. అంతే.

తాడు మూడుసార్లు గుంజింది. లాగమని గుర్తు. అప్పటికి భోజనాలకు వెళ్ళిన వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. అందరం కలిసి లాగాం. ముందు తమ్ముడి తల కనిపించింది, వాడి భుజం మీద మా ఆయన. ఒళ్ళంతా నల్లగా, నుదురు చిట్లి ఉన్నాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది. కొత్త పంపు దించే కమ్మీని కుడిచేత్తో కౌగిలించుకుని గొంతు లోతులో నిలబడి ఉన్నాడట. నేల మీద పడుకోబెడితే కక్కాడు, దగ్గాడు, మళ్ళీ కక్కాడు. కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూసి, "పుల్లీ కొట్టుకుపోయిందిరా," అన్నాడు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"బిళ్ళ ఎందుకు తగిలించలేదు?"

"నీ గదిలోకి వస్తే ఇంజినీరు ఉన్నాడు. ఎందుకు దిగుతున్నావంటాడు. పుల్లీ సంగతి బయటపడితే వీడి పని ఊడుతుంది, పెళ్ళాం కాన్పు రోజున." ఊపిరి తీసుకున్నాడు. "కిటికీలోంచి చూశాను. వీడి బిళ్ళ వేలాడుతూనే ఉంది. వీడు ఆస్పత్రిలో ఉన్నాడు, ఇవాళ రాడు. వీడు రాకుండా నువ్వు చచ్చినా గేటు తెరవవు. నీ మొండితనం నాకు తెలీదా? ఆ ధైర్యంతోనే దిగాను."

ఇంజినీరు అక్కడే నిలబడి అంతా విన్నాడు. తమ్ముడు మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నేను నా మొగుడి చెంప మీద ఒక్కటి కొట్టాను. నలుగురిలో. కొట్టి, ఆ మురుగు మొహాన్నే ఒళ్ళోకి లాక్కుని భోరుమన్నాను. ఆయన నన్ను నమ్ముకుని దిగాడు. నేను ఆ నమ్మకాన్ని బండి మీద పిలిపించి మరీ మేకు నుంచి తీయించాను. నా తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

తమ్ముడి ఫోన్ మోగింది. వాడి అత్తగారు. మరదలిని పైకి చేర్చారు, ఇంకా కాన్పు కాలేదు, కింద మంచాలు తేలుతున్నాయి, ఇంకా ఎంతసేపని అడుగుతోంది. ఆ ప్రశ్నకు అందరూ నా వైపే తిరిగారు.

గదిలోకి వచ్చాను. తమ్ముడు తన బిళ్ళ తీసుకున్నాడు. చెక్క ఖాళీ అయింది. ఇందాక కూడా ఖాళీగానే ఉంది. తాళంచెవి తిప్పాను, వేలు బటన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. నొక్కడం నా వల్ల కాలేదు. ఇంజినీరు మెల్లగా, నేను నొక్కనా అమ్మా అన్నాడు. వద్దన్నాను. పంపుహౌసు ఆవరణలో ఉన్న ప్రతి మనిషినీ ఈ గదిలోకి తెమ్మన్నాను. రోడ్డు మీద వాళ్ళతో సహా అందరూ వచ్చి గోడ వారగా నిలబడ్డారు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి చూశాను. ఎవరూ నవ్వలేదు. చివరికి మా ఆయన్ని ఇద్దరు పట్టుకొచ్చి నా పక్క స్టూలు మీద కూర్చోబెట్టారు. అంబులెన్సు వస్తోంది, పడుకోమంటే వినలేదు.

"అందరం ఉన్నాం కదే. నొక్కు," అన్నాడు.

ఎడమచేత్తో ఆయన కుడి మణికట్టు పట్టుకుని, కుడిచేత్తో బటన్ నొక్కాను. మోటారు మూలిగింది, కింద హోరు మొదలైంది. ఆ హోరు వినగానే నా వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

"నొప్పెడుతోందే," అన్నాడు ఆయన.

నొప్పెట్టనీ అన్నాను. గేటు పూర్తిగా లేచేదాకా ఆ చెయ్యి వదల్లేదు.